చలి ఎవరికి కావాలి?

మిన్నెసోటాలో వసంతంలో పూసే పూలదుంపల్ని వసంతంలో పాతరు. ఆకులు రాలే కాలంలో పాతుతారు. సెప్టెంబరు సగం దాటి, ఎండలో పదును తగ్గి, నేల చల్లబడడం మొదలయ్యాక పని మొదలుపెట్టాలి. డాఫోడిల్ ముందు పాతాలి, వేరు పట్టడానికి దానికి ఎక్కువ రోజులు పడతాయి గనక. తులిప్ అక్టోబరు దాకా ఆగినా ఫరవాలేదు. నవంబరు ఆఖర్లోనో డిసెంబరు మొదట్లోనో నేల రాయిలా బిగుసుకుపోతుంది. ఆ లోపల దుంప కొన్ని వారాలైనా మట్టిలో ఉండి వేళ్లు పెట్టుకోవాలి. మరీ ముందుగా పాతితే వెచ్చటి నేలలో కుళ్లిపోవచ్చు. మరీ ఆలస్యమైతే వేళ్లు లేకుండానే చలికి దొరికిపోతుంది. దుంప ఎత్తుకి మూడింతల లోతు తవ్వి, మొన పైకి ఉండేట్టు పెట్టాలి. తులిప్‌కయితే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. మట్టి కప్పాక ఇక ఏప్రిల్ దాకా, ఒక్కోసారి మే దాకా, మనం చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

తులిప్‌కి చలి కావాలి. మధ్య ఆసియాలో తియాన్ షాన్, పామీర్ కొండల వాలుల్లో పుట్టి పెరిగిన మొక్క అది. పన్నెండు నుంచి పదహారు వారాల చలి తగలకపోతే కాడ సాగదు, పువ్వు సరిగా పైకి రాదు. అందుకే శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన, జబర్వాన్ కొండల కింద లక్షల్లో పూసే తులిప్, హైదరాబాదు నేలలో దానంతటది పూయదు. ఇది వృక్షశాస్త్రం. దీనితో నాకే పేచీ లేదు. ఇందులోంచి తీసే నీతితోనే నా పేచీ.

ఆ నీతి మీరూ వినే ఉంటారు. ఇక్కడ గ్రీటింగ్ కార్డుల మీద ఉంటుంది. మహిళా దినోత్సవానికి తెలుగువాళ్లం చేరినప్పుడు ఎవరో ఒకరు మైకులో చెబుతారు. చలికాలాన్ని ఓర్చుకున్న దుంపే పువ్వవుతుంది, కష్టాన్ని ఓర్చుకున్న స్త్రీయే ఎదుగుతుంది అని. మనకిదేం కొత్త మాట కాదు. తులిప్ మొహం చూడకముందే మన దగ్గర దీని సరంజామా అంతా ఉంది. భార్యకి ఆరు లక్షణాలు చెప్పిన శ్లోకం ఓర్పులో భూమిలా ఉండమంది. అప్పగింతలప్పుడు భూదేవంత ఓర్పుతో మెలగమని చెప్పి పంపిస్తారు. పుటం పెడితేనే బంగారానికి వన్నె అంటారు. మట్టి, బంగారం, ఇప్పుడు దుంప. పోలిక ఏదైనా, ఓర్చుకోవాల్సిన మనిషి మాత్రం మారదు.

గత నవంబరులో ఈ నీతిని నా నోటితో చెప్పమని అడిగారు కాబట్టి దీన్ని కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది.

అడిగింది మా పెద్దమ్మ. ఆవిడ మనవరాలికి పెళ్లై రెండేళ్లు. నన్ను పిన్నీ అంటుంది. మొగుడు రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. ఆ పిల్ల జీతం పడే బ్యాంకు కార్డు అతని పర్సులో ఉంటుంది. పుట్టింటికి వచ్చేస్తానని అంటోంది. పెద్దమ్మ ఫోన్ చేసి, "నువ్వు చెబితే వింటుందే" అంది. "అంత చలి దేశంలో నా అనేవాళ్లు లేకుండా, ఉజ్జోగం సజ్జోగం లేకుండా తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చావు. ఇవాళ ఎట్లా ఉన్నావు? రాజాలా ఉన్నావు. అదే చెప్పు దానికి. కొన్నాళ్లు ఓర్చుకోమను. రోజులన్నీ ఒక్కతీరుగా ఉంటాయా?"

పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. అరవై ఏళ్లుగా ఆ మాట మీదే బతికింది. ఆవిడ పెట్టెలో మనవరాలికి ఇవ్వడానికి ఇంకో మాట లేదు, ఉన్నదే ఇమ్మంటోంది. పైగా ఆవిడ చెప్పిన నా కథ అబద్ధమూ కాదు. 2006 జనవరిలో, ఖమ్మంలో డిగ్రీ కాలేజీ ఉద్యోగం వదిలి, భర్త వీసా మీద ఆధారపడే వీసాతో మిన్నియాపొలిస్‌లో దిగాను. ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు ఆ వీసాకి లేదు. 2015 మేలో అలాంటి భార్యల్లో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చారు. ఆ కొందరిలో నేనున్నాను. మధ్యలో తొమ్మిది చలికాలాలు. ఆ తొమ్మిదేళ్లలోనే నేను ఎక్కువ చదివాను, ఎక్కువ రాశాను. కాబట్టి పెద్దమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ చలి నాకు మేలు చేసిందా? చేసిందంటే, ఇంకొకరికి దాన్ని మందులా రాసివ్వచ్చా?

ముందు దుంప సంగతే చూద్దాం. పోలిక తెచ్చినవాళ్లు పోల్చిన వస్తువునైనా సరిగ్గా చూశారా?

తులిప్ పువ్వు చలిలో తయారు కాదు. వసంతంలో పువ్వు రాలిపోయాక ఆకులు ఇంకొన్ని వారాలు పచ్చగా ఉండి, ఎండని తిని, ఆ తిండిని దుంపలో దాస్తాయి. ఆకులు ఎండిపోయాక, వేసవి వెచ్చదనంలో, దుంప లోపల వచ్చే ఏటి పువ్వు రూపు కట్టుకుంటుంది. రేకులూ కేసరాలూ అండాశయమూ అన్నీ అప్పుడే ఏర్పడతాయి. అక్టోబరులో మన చేతిలోకి వచ్చిన దుంపని నిలువుగా కోసి చూస్తే కొనగోరంత పువ్వు లోపల కూచుని ఉంటుంది. చలి చేసేదల్లా ఆ పువ్వు కాడని సాగడానికి సిద్ధం చెయ్యడం. పువ్వునిచ్చింది వేసవి. పేరు మాత్రం చలికి వచ్చింది.

రెండో సంగతి. దుంపకి కావలసిన చలి ఎంత? రెండు నుంచి తొమ్మిది డిగ్రీలు. అంటే మన ఫ్రిజ్‌లో ఉండేంత. బయట గాలి సున్నాకి కింద ముప్పై డిగ్రీలకి పోయే రోజులుంటాయి ఇక్కడ. ఆ చలి నేరుగా తగిలితే తులిప్ పూయదు, చచ్చిపోతుంది. ఆరేడు అంగుళాల మట్టి, దాని మీద ఎండాకులు, ఆ పైన అడుగు మందాన మంచు, ఇన్ని దుప్పట్లు కప్పుకుని పడుకుంటుంది దుంప. మంచు కురవని చలికాలం వస్తే తోటవాళ్లు భయపడతారు, కప్పు లేకుండా పోయిందని. అంటే మనకి నీతి చెబుతున్న ఆ దుంప ప్రాణాంతకమైన చలిని ఓర్చుకోవడం లేదు. దాన్నుంచి కాపాడబడుతోంది.

మూడోది, మొదట చెప్పిన అదను సంగతి. చలి రాకముందే వేళ్లు ఉండాలి. ఎప్పుడు పాతాలి అన్న ప్రశ్నకి అర్థమే అది. ఇరవై రెండేళ్ల పిల్లని ముక్కూ మొహం తెలియని ఊళ్లో, చేతిలో డబ్బు లేకుండా, చెప్పుకునే మనిషి లేకుండా దింపి, చలిని ఓర్చుకుని పువ్వులా విచ్చుకోమనడం ఏ తోటశాస్త్రంలోనూ లేదు. డిసెంబరులో గడ్డకట్టిన నేల మీద దుంపని విసిరేసి రావడం అది.

కష్టంతో ప్రాణికి చదువు చెప్పొచ్చన్న నమ్మకం ఒక దేశానికి సిద్ధాంతమైన చరిత్ర కూడా ఉంది. 1920ల ఆఖర్లో సోవియట్ దేశంలో త్రోఫిమ్ లైసెంకో గోధుమ విత్తనాల్ని తడిపి, చలిలో ఉంచి, వసంతంలో విత్తే పద్ధతిని ప్రచారం చేశాడు. చలితో పూతకి సిద్ధం చెయ్యడానికి శాస్త్రం ఇవాళ వాడే పేరు అతని మాటకి అనువాదమే. అంతవరకూ సరే. అతను అక్కడ ఆగలేదు. మొక్కని కష్టపెట్టి మార్చొచ్చు, ఆ మార్పు దాని సంతానానికీ వస్తుంది అన్నాడు. స్టాలిన్‌కి ఆ మాట నచ్చింది. మనుషుల్నీ అలాగే తయారు చెయ్యొచ్చని నమ్మే పాలకులకి అది నచ్చకుండా ఎలా ఉంటుంది? కాదన్న జన్యుశాస్త్రవేత్తలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, జైళ్లకి వెళ్లారు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన జైల్లోనే చనిపోయాడు. 1948లో ఆ దేశంలో జన్యుశాస్త్రాన్నే పక్కకి తోసేశారు. చలి మంచిది అనే మాట చలి పెట్టేవాడి నోట్లోంచి వచ్చినప్పుడు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ కథ చాలు.

మరి మనుషులు నిజంగా అలాంటి చలికాలంలోంచి నడిచినప్పుడు ఏమైంది? తులిప్‌ల దేశాన్నే అడుగుదాం. 1944–45 చలికాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌కి తిండి రాకుండా పోయింది. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి నగరాల్లో మనిషికి రోజూ దొరికేది వెయ్యి కాలరీల లోపుకి పడిపోయింది. జనం తులిప్ దుంపల్ని ఉడికించుకుని తిన్నారు. ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. ఆ చలికాలంలో గర్భంతో ఉన్న స్త్రీల పిల్లల్ని శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు గమనించారు. ఆ పరిశోధనకి దారి వేసినవాళ్లలో దక్షిణాఫ్రికాలో పుట్టిన జీనా స్టయిన్ అనే స్త్రీ ఒకరు. భర్త మెర్విన్ సస్సర్‌తోనూ ఇతరులతోనూ కలిసి 1975లో ఆమె దీనిమీద పుస్తకం ప్రచురించింది. తర్వాతి అధ్యయనాల్లో తేలిందేమిటంటే, గర్భం తొలినెలల్లో ఆ ఆకలి సోకినవాళ్లలో పెద్దయ్యాక గుండెజబ్బులూ, స్కిజోఫ్రీనియా ఎక్కువగా కనిపించాయి. ఆ చలికాలం వాళ్లని వన్నె పెట్టలేదు. పుట్టకముందే ఒంట్లో బాకీ రాసింది. అరవై ఏళ్లు వచ్చినా ఆ బాకీ తీరలేదు.

ఆ దేశమే 1945లో, యుద్ధం అయ్యాక, రాకుమారి జూలియానా పేరున కెనడాకి లక్ష తులిప్ దుంపలు పంపింది. యుద్ధకాలంలో ఆమెకీ పిల్లలకీ ఒట్టావాలో ఆశ్రయం ఇచ్చినందుకు కృతజ్ఞతగా. ఆమె మూడో కూతురు 1943 జనవరిలో పుట్టింది అక్కడే. ఒట్టావా చలి కూడా మామూలు చలి కాదు. కానీ ఆ చలిలో ఆమెకో ఇల్లు, ఆసుపత్రి, ఆమెని కాపాడే ప్రభుత్వం ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దుంపలు ఉడికించుకున్న తల్లికి అవి లేవు. ఇద్దరు తల్లుల్నీ విడదీసింది ఓర్పులో ఎక్కువ తక్కువలు కాదని వేరే చెప్పాలా?

ఇప్పుడు నా తొమ్మిది చలికాలాల దగ్గరికి వస్తాను. పెద్దమ్మే కాదు, చదువుకున్న స్నేహితురాళ్లు కూడా నాతో అన్నారు, ఆ ఒంటరితనమే నిన్ను రచయిత్రిని చేసిందని. నేను లెక్క వేసుకున్నాను. నా మొదటి కథ అచ్చయ్యేటప్పటికి నేను మంచు చూడలేదు. మా అమ్మ ప్రైమరీ స్కూలు టీచరు. ఆ జీతంలో నెలకో పుస్తకం కొనేది. ఉస్మానియాలో ఎం.ఏ. చదువుకున్నాను. క్లాసులో అరవై మంది ముందు నిలబడి మాట్లాడి గొంతు తెచ్చుకున్నాను. అదంతా నా వేసవి. ఇక్కడికొచ్చాక నేను తిన్నది ఆ దాచుకున్న తిండే. చలి నాకేమైనా ఇచ్చి ఉంటే తీరిక ఇచ్చింది. ఆ తీరికకి కట్టిన ధర తొమ్మిదేళ్ల జీతం, ఒక ఉద్యోగం, పదిమందిలో ధైర్యంగా నోరు విప్పే అలవాటు. ఆ ధర కట్టకుండా తీరిక దొరికి ఉంటే ఇంకా బాగా రాసేదాన్నేమో. ఆ అవకాశమున్న ఇంకో నన్ను తెచ్చి పక్కన నిలబెట్టి పోల్చలేరు కాబట్టే జనం అంత ధీమాగా చలికి మార్కులు వేస్తారు.

ఇంకో లెక్క కూడా ఉంది. మొదట్లో మేమున్న అపార్ట్‌మెంట్లలో నాలాగే, అదే వీసా మీద, రెండేళ్ల తేడాలో వచ్చిన తెలుగు ఆడవాళ్లం ఐదుగురం. ఒకామె మైక్రోబయాలజీ లెక్చరర్. పని చేసే అనుమతి వచ్చేసరికి, నాకేం గుర్తులేదు, నన్నెవరు తీసుకుంటారు అని మళ్లీ ల్యాబ్ గడప తొక్కలేదు. ఒకామె ఏళ్ల తరబడి నిద్రమాత్రల మీద ఉంది. ఒకామె పిల్లాడితో ఇండియా వెళ్లిపోయింది. మహిళా దినోత్సవానికి మైకు దగ్గరికి పిలిచేది వాళ్లని కాదు, నన్ను. వసంతంలో తోట చూసినవాళ్లు పూసిన పువ్వుల్నే లెక్క పెడతారు. మొలవని చోట ఖాళీ మట్టి ఉంటుంది. మట్టిని చూసి ఇక్కడొక దుంప ఉండేది అని ఎవరూ అనుకోరు. ఓర్పు గెలిపిస్తుందన్న మాటకి సాక్ష్యం చెప్పేది ఎప్పుడూ గెలిచినవాళ్లే.

అన్నిటికంటే పెద్ద తేడా మరోటి. తులిప్‌కి చలి అవసరం అన్నది ప్రకృతి పెట్టిన షరతు. నా వీసాలో పని చెయ్యకూడదన్న షరతు ప్రకృతి పెట్టలేదు. అది మనుషులు రాసిన నిబంధన. 2015లో మనుషులే దాన్ని కొంత మార్చారు. మా పెద్దమ్మ మనవరాలి చెంప మీద పడ్డ చెయ్యి శీతాకాలం కాదు. దానికో పేరుంది, ఉద్యోగం ఉంది, తల్లిదండ్రులున్నారు. మనిషి చేసిన పనిని ఋతువులాగా మాట్లాడ్డం మొదలుపెట్టిన క్షణంలో చేసినవాడు కథలోంచి మాయమవుతాడు. పడ్డవాళ్లు మాత్రమే మిగులుతారు, ఓర్చుకోవడానికి.

అయితే ఓర్పుకి విలువే లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. నాకు కనిపించిన చోటు చెబుతాను. క్యాథరిన్ వైట్ అని, న్యూయార్కర్ పత్రికకి 1925 నుంచి దశాబ్దాల పాటు ఎడిటర్. 1958 నుంచి 1970 దాకా ఆ పత్రికలోనే తోటల గురించి వ్యాసాలు రాసింది. 1977లో ఆమె పోయాక, 1979లో భర్త ఇ.బి. వైట్ వాటిని పుస్తకంగా తెచ్చి ముందుమాట రాశాడు. మెయిన్ రాష్ట్రంలో, ఆ చలిలో, ఆఖరి సంవత్సరాల్లో ఒంట్లో బాగా లేకపోయినా ఆకురాలు కాలంలో ఒక రోజు కుర్చీ వేయించుకుని కూచుని, చేతిలో పథకం కాయితం పట్టుకుని, దుంపలు పాతించేదని అందులో రాశాడు. తనకి రాకపోవచ్చునని తెలిసిన వసంతం కోసం పాతించేది. అది చదివినప్పుడు నా గొంతు పట్టేసింది. అది ఓర్పే, అంతకంటే పెద్దది కూడా. కానీ ఆమె ఎక్కడ కూచుందో గమనించాలి. కుర్చీలో కూచుంది. కాయితం ఆమెది, నేల ఆమెది, ఎప్పుడు లేచి లోపలికి వెళ్లాలన్నది ఆమె ఇష్టం. మోకాళ్ల మీద వంగి తవ్విన మనిషి వేరే ఉన్నాడు. ఎదురుచూపు గొప్పగుణం కావాలంటే ఎదురుచూసే మనిషి లేచి వెళ్లిపోగలిగి ఉండాలి. లేవలేని చోట దాని పేరు నిర్బంధం. ఆమెని మనకి ఆదర్శంగా చూపించేవాళ్లు మనల్ని ఆమె కుర్చీలో కూచోబెట్టరు, దుంప పక్కన గోతిలో పెడతారు.

ఇక్కడి తోటల్లో నేను నేర్చుకున్న ఇంకో పని గురించి ఎవరూ నీతికథ చెప్పగా వినలేదు. అన్ని దుంపలూ చలికి ఆగవు. డాలియా ఆగదు, గ్లాడియోలస్ ఆగదు, మెట్టతామర ఆగదు. మన లిల్లీపూల దండల్లోకి వచ్చే నేలసంపెంగ అసలే ఆగదు. మొదటి మంచుకి ఆకులు నల్లబడగానే పార పట్టుకుని వాటిని తవ్వి, మట్టి దులిపి, ఆరబెట్టి, ఇంటి కింద గదిలో దాచి, మళ్లీ మే నెల సగమయ్యాక బయట నాటాలి. మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ప్రతి అక్టోబరులో రెండు పనులూ ఒకే వారంలో చేస్తుంది. ఒక చేత్తో తులిప్‌ని పాతుతుంది, ఇంకో చేత్తో డాలియాని తవ్వి తీస్తుంది. తులిప్‌ని చూసి నేర్చుకో అని ఆవిడ డాలియాకి చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

మనిషి తులిప్పూ కాదు, డాలియా కూడా కాదు. దుంపల్లో ఏది ఏదో తోటమాలి తెలుసుకోవాలి, ఎందుకంటే దుంప నోరు విప్పి చెప్పలేదు. మనిషి చెప్పగలదు. మా పిల్ల చెప్పింది కూడా, వచ్చేస్తానని. నీతి చెప్పాల్సిన అవసరం ఆమె మాట వినబడనట్టు నటించేవాళ్లకే వస్తుంది. నా కష్టం నాకేం చేసిందో చెప్పుకునే హక్కు నాకుంది. అది కూడా నేను బయటపడ్డాక, వెనక్కి తిరిగి చూసి, నా గురించి మాత్రమే. ఇంకొకరి ముందున్న కష్టాన్ని చూపించి ఇది నీకు మంచిదని చెప్పే హక్కు నాకు లేదు. పెద్దమ్మకి లేదు. ఆ పిల్లని కన్నవాళ్లకీ లేదు.

పెద్దమ్మతో ఆ మాటే అన్నాను, ఇంత పొడుగ్గా కాదు. "నేను చెప్పను పెద్దమ్మా, అది ఏమంటుందో నువ్వే ఒకసారి విను" అన్నాను. ఫోన్ పెట్టేసింది. తర్వాత ఆ పిల్లతో మాట్లాడి, ఏం కావాలని అడిగాను. సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు, పడుకోవడానికి తలుపు గడియ పడే గది కావాలంది. 2005 గృహహింస చట్టం గురించి, 181 నంబరు గురించి, వాళ్ల జిల్లాలో సఖి కేంద్రం గురించి నాకు తెలిసింది చెప్పాను. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించి కొత్తది తీసుకోమన్నాను. బయటికొస్తే బతుకు పువ్వులా విచ్చుకుంటుందని మాత్రం చెప్పలేదు. అదీ ఇంకోరకం జోస్యమే అవుతుంది. ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది, ఉద్యోగానికి వెళ్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంది. వాళ్లమ్మ దొంగచాటుగా వచ్చి చూసి వెళ్తోంది. పెద్దమ్మ నాతో ఇంకా మాట్లాడడం లేదు.